పాత కోత మిషన్‌కు పార్టు ‘రాదు’ అంటే ఏమిటి?

ఫిబ్రవరి నెలాఖరు. తిరుపతి జిల్లా ఏర్పేడు దగ్గర చెరువు కింద కయ్యల్లో మా చిన్నాయన కోత మిషన్ ఆగిపోయింది. రెండెకరాలు కోసి మూడో ఎకరంలో దిగగానే కుడిపక్క నుంచి కీచుమంటూ మొదలైంది. కాసేపటికి గరగర. ఆ తర్వాత బెల్టు కాలిన వాసన. డ్రైవర్ దిగి కవర్ విప్పి చూస్తే, కోసిన పైరును లోపలికి అందించే ఫీడర్ కింది షాఫ్టు చివర బేరింగ్ గోలీలు దూగరలో కలిసిపోయి ఉన్నాయి. షోరూముకు ఫోన్ చేస్తే, ‘‘ఆ మోడల్ ఆపేశారు సార్, పార్టు రాదు’’ అన్నారు. సాయంత్రం శ్రీకాళహస్తిలో లేత్ షాపు మేస్త్రీ మాత్రం మిగిలిన రింగును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, లైటు వెలుతురుకు పట్టి చూసి, ‘‘6305, సామీ. బేరింగుల షాపులో అడుగు’’ అన్నాడు. ఇరవై నిమిషాల్లో బేరింగ్ చేతికొచ్చింది.

షోరూమతను అబద్ధమాడలేదు. ఆ పార్టు నంబరుతో ఆ డబ్బా ఇక రాదు, అది నిజమే. కానీ ఆ డబ్బాలో ఉండే వస్తువు దేశమంతా దొరుకుతుంది. పాత మిషన్ల గురించి మన దగ్గర వినబడే అయోమయంలో సగం ఇక్కడే ఉంది. ‘స్పేర్ పార్టు’ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు రకాల వస్తువులను కలిపేస్తున్నాం. పోయిన ఏడాది సెప్టెంబరులో, అంటే 2025లో, జీఎస్టీ మారాక ఇంకో ప్రశ్న కూడా తోడైంది: పన్ను తగ్గింది కదా, నా బిల్లు ఎందుకు తగ్గలేదు?

## మిషన్ వయసును ఏళ్లతో లెక్కపెడితే

కోత మిషన్ చేసే పని నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. ముందున్న రీలు పైరును లోపలికి వంచుతుంది, కత్తి కోస్తుంది. ఫీడర్ చైన్ ఆ పైరును డ్రమ్ముకు అందిస్తుంది. డ్రమ్ము, దాని కింది జాలి కలిసి వడ్లు రాలుస్తాయి. జల్లెడ, ఫ్యాన్ కలిసి తాలును, గడ్డిని వేరుచేస్తాయి. ఇంజన్ నుంచి ఈ నాలుగింటికీ శక్తి వెళ్లేది బెల్టులు, చైన్ల మీదుగానే. అందుకే మిషన్ ఆగిందంటే ముందు ఇంజన్‌ను కాదు, ఈ దారిలో ఉన్నవాటిని చూస్తారు.

మన వైపు రెండు రకాలు తిరుగుతాయి. ఆరిన కయ్యలో టైర్ మిషన్, బురద కయ్యలో రబ్బరు ట్రాకు మీద నడిచే చైన్ మిషన్. మనకు వాన ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తర్వాతి కోతలో, ముఖ్యంగా చెరువుల కింద, స్వర్ణముఖి పక్కన, మడిలో ఇంకా తడి ఉండగానే దిగాల్సి వస్తుంది. చైన్ మిషన్‌కు గిరాకీ అందుకే. ట్రాకు, రోలర్లు తొందరగా అరిగేదీ అందుకే.

ఇక వయసు. ఒకాయన 2012 మిషన్‌ను ఊరి చుట్టుపక్కలే ఏడాదికి 250 గంటలు నడిపాడనుకుందాం. పదేళ్లకు 2,500 గంటలు. ఇంకొకరు 2019 మిషన్‌ను లారీ మీద ఎక్కించి రాష్ట్రాలు తిప్పుతూ ఏడాదికి వెయ్యి గంటలు నడిపారనుకుందాం. ఐదేళ్లకే 5,000 గంటలు. అరుగుదలలో పాతది రెండోదే. పార్టుల విషయంలో మాత్రం పాతది మొదటిది, ఎందుకంటే మోడల్ ఆగిపోయేది క్యాలెండరు ప్రకారం. అరుగుదల వయసు గంటల్లో, పార్టుల వయసు ఏళ్లలో. సెకండ్ హ్యాండ్ బేరం దగ్గర ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం వల్లే గొడవలు వస్తాయి. నడిచిన గంటలు చూపే అవర్ మీటర్ వైరు పీకేసి ఉంటే గొడవ కూడా ఉండదు, అమ్మేవాడు చెప్పిందే లెక్క.

## ఒంటిమీదే పేరు రాసుకున్న పార్టులు

మొదటి రకం, ప్రపంచమంతా ఒకే కొలతతో తయారయ్యేవి: బేరింగులు, వి-బెల్టులు, ఆయిల్ సీళ్లు, రోలర్ చైన్లు, బోల్టులు. కోత మిషన్ కంపెనీ వీటిని సాధారణంగా తాను చేయదు. బేరింగుల కంపెనీ దగ్గర కొని, తన డబ్బాలో పెట్టి, తన నంబరు వేస్తుంది. డబ్బా మీది నంబరు కంపెనీది, రింగు మీది నంబరు అందరిది.

ఆ 6305నే చూడండి. చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం మిల్లీమీటర్లలో వస్తుంది: 05 ఇంటూ 5, 25. ముందున్న 63 దాని దిట్టతనాన్ని చెబుతుంది. 6205కి కూడా లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లే, కానీ బయటి కొలత 52. 6305కి 62. షాఫ్టుకు రెండూ ఎక్కుతాయి, హౌసింగ్‌లో, అంటే బేరింగ్ కూర్చునే గూడులో, ఒకటే కూర్చుంటుంది. 00 నుంచి 03 దాకా ఈ గుణకారం పనిచేయదు. అవి వరసగా 10, 12, 15, 17 మిల్లీమీటర్లు. 04 నుంచి లెక్క సరిపోతుంది.

చిక్కు నంబరు వెనకాల అక్షరాల్లో ఉంది. 2ఆర్ఎస్ అంటే రెండు పక్కలా రబ్బరు సీలు. జెడ్‌జెడ్ అంటే రెండు పక్కలా రేకు మూత. ఫ్యాన్ మోటారుకు రేకు మూత చాలు. వడ్ల దుమ్ము, బురద నీళ్లు తగిలే చోట రేకు మూతది పెడితే సీజన్ కూడా నిలవదు. ‘నంబరు అదే పెట్టాం, అయినా పోయింది’ అనేవాళ్ల కథ చాలాసార్లు ఇదే. ఇంకో చిన్న చిక్కు, హౌసింగ్‌తో వచ్చే బేరింగుల్లో. యూసీ 205 లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. యూసీ 205-16ది ఒక అంగుళం, అంటే 25.4. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. అంగుళం షాఫ్టు మీదకు 25ది ఎక్కదు. 25 షాఫ్టు మీద అంగుళంది ఎక్కుతుంది, వదులుగా తిరుగుతుంది, నెమ్మదిగా షాఫ్టునే తినేస్తుంది. నాలుగు వందల వస్తువు నాలుగు వేల పని తెచ్చిపెట్టేది ఇలాంటి చోటే.

బెల్టుదీ ఇదే పద్ధతి. బి-75 అంటే బి రకం, పై వెడల్పు 17 మిల్లీమీటర్లు, లోపలి చుట్టుకొలత 75 అంగుళాలు, అంటే 1,905 మిల్లీమీటర్లు. ఎ రకం 13, సి రకం 22 వెడల్పు. నంబరు చెరిగిపోయిన పాత బెల్టును టేపుతో కొలిస్తే అది సాగి ఉంటుంది కాబట్టి కొలత ఎక్కువ వస్తుంది. ఆ కొలతతో కొన్న కొత్త బెల్టు మొదటి రోజే వదులు. ఆయిల్ సీలు మీద 35, 52, 7 అని ఉంటే షాఫ్టు, హౌసింగ్, మందం. రబ్బరు ట్రాకు మీద 450, 90, 50 అని ఉంటే వెడల్పు 450 మిల్లీమీటర్లు, ఒక లింకు 90 మిల్లీమీటర్లు, లింకులు 50. గుణిస్తే మొత్తం చుట్టు నాలుగున్నర మీటర్లు. ట్రాకుకు కొలత ఒక్కటి కలిస్తే చాలదు, లోపలి గైడు పళ్ల ఆకారం కూడా రోలరుకు సరిపోవాలి.

## లేత్ షాపులో పుట్టేవి, వాటితో వచ్చే తంటా

రెండో రకం ఏ నంబరూ లేనివి. కానీ కొలిచి చేయించుకోవచ్చు: షాఫ్టులు, బుష్‌లు, పుల్లీలు, డ్రమ్ము పళ్లు, జాలి ఊచలు, ఆగర్ (మర ఆకారంలో తిరుగుతూ సరుకును తోసే గొట్టం) రేకులు, జల్లెడ ఫ్రేము. శ్రీకాళహస్తి, నాయుడుపేట, రేణిగుంట వైపు ట్రాక్టర్ల పనులు చేసే టర్నర్లు, వెల్డర్లు వీటిని ఎప్పటి నుంచో చేస్తున్నారు. కోసే కత్తుల పరిస్థితి మధ్యస్థం. మూడంగుళాల, అంటే 76.2 మిల్లీమీటర్ల, కొలతలో తయారైన బ్లేడ్లు చాలా మిషన్లకు సరిపోతాయి, రివెట్ రంధ్రాలు కలిస్తే.

చేయించిన పార్టు దాదాపు అలాగే ఉంటుంది. ఆ ‘దాదాపు’ ఎంత ఖరీదో ఒక లెక్క చూద్దాం. డ్రమ్ము వ్యాసం 600 మిల్లీమీటర్లు, నిమిషానికి 700 చుట్లు తిరుగుతోందనుకుందాం. పన్ను కొస వేగం సెకనుకు సుమారు 22 మీటర్లు. ఇంజన్ వైపు ఉండి దాన్ని తిప్పే 200 మిల్లీమీటర్ల పుల్లీ పగిలింది. షాపులో 220ది సిద్ధంగా ఉంది, బెల్టు కొద్దిగా సర్దితే సరిపోతుంది, పెట్టేశారు. ఇప్పుడు డ్రమ్ము 770 చుట్లు, కొస వేగం 24 మీటర్ల పైన. మిషన్ బ్రహ్మాండంగా నడుస్తున్నట్టే ఉంటుంది, గడ్డిలో గింజ మిగలదు, డ్రైవర్‌కూ సంతోషమే. మిల్లు దగ్గర మాత్రం వడ్లు చేతిలో నలిపి చూసి ‘నూక ఎక్కువ’ అంటారు. రైతు తన వడ్లనే అనుమానిస్తాడు. పుల్లీ సంగతి ఎవరికీ గుర్తు రాదు.

దీని మందు కూడా విచిత్రమైన చోట దొరుకుతుంది. దేశంలో కోత మిషన్లను పరీక్షించే ప్రభుత్వ కేంద్రాలు ఉన్నాయి. హర్యానాలోని హిసార్, మధ్యప్రదేశ్‌లోని బుద్ని, మన పక్క అనంతపురం జిల్లాలోని గార్లదిన్నె. ఈ కేంద్రాల పరీక్ష నివేదికల్లో మోడల్ వారీగా డ్రమ్ము కొలతలు, వేగాలు, బెల్టు వివరాలు వరసగా రాసి ఉంటాయి. మాన్యువల్ పోయిన మిషన్‌కు ఆ నివేదికే జాతకం.

## కంపెనీ చేతిలోనే ఉండేవి

మూడో రకం దగ్గర నిజంగా ఆగిపోతాం. హైడ్రోస్టాటిక్ పంపు-మోటారు, గేరుబాక్సు కాస్టింగ్, ఫైనల్ డ్రైవ్ గేర్లు, కొత్త తరం ఇంజన్లలో ఎలక్ట్రానిక్ కంట్రోల్ డబ్బా.

చైన్ మిషన్లలో చాలావాటిని ముందుకూ వెనక్కూ నడిపేది ఆ హైడ్రోస్టాటిక్ పంపే. ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. లోపల పిస్టన్లకు, గోడలకు మధ్య సందు వెంట్రుకలో చిన్న వంతు. ఆయిల్‌లో మట్టి చేరితే ఆ సందు పెరుగుతుంది. ఇది పోతున్నప్పుడు కనబడే లక్షణం భలేగా ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మిషన్ చక్కగా నడుస్తుంది. పదకొండు గంటలకు గట్టు ఎక్కలేక మూలుగుతుంది. కారణం, వేడెక్కిన ఆయిల్ పలచబడి అరిగిన సందుల్లోంచి జారిపోతుంది. కాసేపు ఆపితే మళ్లీ బాగవుతుంది. అందుకే చాలామంది దీన్ని ఇంజన్ జబ్బనుకుని డీజిల్ ఫిల్టర్లు మారుస్తూ సీజనంతా గడిపేస్తారు. ఈ పంపును లేత్ మీద చేయలేం. కొత్తది తెప్పించాలి, లేదా హైడ్రాలిక్ పని తెలిసినవాళ్ల దగ్గర పునరుద్ధరించాలి, లేదా తుక్కు మిషన్ నుంచి తీయాలి.

దీనికి కంపెనీలు చేతులు మారడం తోడవుతుంది. క్రాప్ టైగర్ కథ చూడండి. జర్మనీ కంపెనీ క్లాస్, మన ఎస్కార్ట్స్ కలిసి ఫరీదాబాద్‌లో మొదలుపెట్టిన ఉమ్మడి సంస్థ నుంచి వచ్చిన మిషన్ అది. తర్వాత ఇద్దరూ విడిపోయారు. ఎస్కార్ట్స్ 2022లో జపాన్ కుబోటాతో కలిసి ఎస్కార్ట్స్ కుబోటా అయింది. క్లాస్ భారత విభాగాన్ని కొంటున్నట్టు 2024లో ఇంకో జపాన్ సంస్థ యాన్మార్ ప్రకటించింది. మిషన్ మీది బోర్డు ఒక పేరు, పుస్తకంలో ఒక పేరు, కౌంటరు మీద ఇంకో పేరు. పార్టు ఉన్నా ఏ పేరుతో అడగాలో తెలియని పరిస్థితి. పంజాబ్ కంపెనీల మిషన్లకు ఈ ఇబ్బంది తక్కువ. నాభాలో ప్రీత్, భాద్సన్‌లో కర్తార్ తమ పేర్లతోనే ఉన్నాయి. పైగా వాళ్ల పెద్ద మిషన్లలో అశోక్ లేలాండ్ ఇంజన్లు వాడారు కాబట్టి ఇంజన్ సామాను లారీల షాపుల్లోనే కలుస్తుంది.

## తిరుపతి నుంచి ఎటు వెళ్తారు

జిల్లా పేరు ఆంధ్రాదే అయినా పార్టుల భూగోళం వేరు. మన వాళ్లు ముందు తిరుపతి, రేణిగుంట రోడ్డు షాపులు చూస్తారు, ఆ తర్వాత నేరుగా మద్రాసు. పెద్దవాళ్లు ఇప్పటికీ చెన్నై అనరు. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి బేరింగులు, హోజులు, సీళ్లు పట్టుకుని తిరిగి రావొచ్చు. పాత బండ్ల సామానుకు అక్కడ పుదుపేట పేరున్న చోటు, ఇంజన్ పక్క పనులకు అక్కరకొస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో డెల్టా మిషన్ల మీద పనిచేసిన మెకానిక్కులు ఎక్కువ, కానీ మనకు దూరం. పంజాబ్ సామాను పార్సిల్ లారీలో వస్తుంది. ఫోటో వాట్సాప్‌లో పంపితే ‘హా జీ, మిలేగా’ (దొరుకుతుంది) అంటారు. వచ్చాక కొలత తేడా ఉంటే తిప్పి పంపే ఖర్చు మనదే.

అందుకే ఫోటోతో పాటు వెర్నియర్ (సన్న కొలతలు తీసే స్కేలు) కొలత, ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు పంపినవాళ్ల పని ఒక్కసారిలో అవుతుంది. ఒకే మోడల్‌లో కూడా మధ్యలో మార్పులు చేస్తారు కాబట్టి, ఏ సంవత్సరం అన్నదాని కంటే ఏ చాసిస్ నంబరు అన్నది ముఖ్యం.

## జీఎస్టీ తగ్గింది, బిల్లు ఎందుకు తగ్గలేదు

2025 సెప్టెంబరు 22 నుంచి కోత, నూర్పిడి యంత్రాలు, వాటి భాగాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్ను లేకుండా పది వేలున్న పార్టు అంతకుముందు 11,200. ఇప్పుడు 10,500. ఇంతవరకూ సూటిగానే ఉంది.

మెలిక ‘భాగాలు’ అన్న మాటలో ఉంది. పన్ను పట్టికలో ప్రతి వస్తువుకూ ఒక శీర్షిక ఉంటుంది. కోత మిషన్లది 8433. బేరింగులకు విడిగా 8482 ఉంది. తనకంటూ సొంత శీర్షిక ఉన్న వస్తువు, ఏ మిషన్‌లో బిగించినా తన శీర్షికలోనే ఉంటుంది. బేరింగ్ ఫ్యాక్టరీకి పోయినా కయ్యకు పోయినా 18 శాతమే. పది వేల బేరింగులకు 11,800. ఇంజన్ భాగాలకూ వేరే శీర్షికే ఉంది. అంటే కోత మిషన్‌కే పనికొచ్చే కత్తుల బారు, ఫీడర్ సామాను లాంటి వాటి మీద తగ్గింపు కనబడుతుంది, అందరూ వాడే వస్తువు మీద కనబడదు. ఎక్కడైనా దొరికే వస్తువు మీద పన్ను ఎక్కువ, ఎక్కడా దొరకని వస్తువు మీద తక్కువ. పాత మిషన్ ఉన్నవాడికి నవ్వాలో ఏడవాలో తెలియని లెక్క ఇది.

## ఒరిజినలా, లోకలా

ఈ వాదనలో ఎవరి మాటలోనూ పూర్తి అబద్ధం లేదు. తాము పరీక్షించిన పార్టు పెడితేనే మిషన్‌కు హామీ ఇవ్వగలమని కంపెనీలు అంటాయి. డ్రమ్ము లాంటి వేగంగా తిరిగే భాగంలో నాసిరకం ముక్క విరిగితే పక్కనున్న మనిషికే ప్రమాదం. వాళ్ల డబ్బాలోని బేరింగ్‌కు కొన్నిసార్లు బురద కోసం ప్రత్యేకంగా మూడు పెదవుల సీలు ఉంటుంది, మామూలు షాపులో అదే నంబరుతో వచ్చేదానికి అది ఉండదు. యజమానులు అడిగేది ఇంకొకటి. కోత వారం పది రోజులే, పార్టు వారం తర్వాత వస్తే ఎంత మంచిదైతే ఏం లాభం? మెకానిక్కుల ఫిర్యాదు ధర గురించి కూడా కాదు, సమాచారం గురించి: పార్టు ఇవ్వకపోతే పోనీ, కొలతల పుస్తకమైనా ఇవ్వొచ్చు కదా.

ఈ చివరి మాట ఢిల్లీ దాకా వెళ్లింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’ మీద కమిటీ వేసినప్పుడు గుర్తించిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా మొదలైంది. అక్కడ కంపెనీలు తమ సర్వీసు, విడిభాగాల సమాచారం పెడతాయి. ఆపేసిన మోడల్‌కు ఇన్నేళ్ల పాటు పార్టులు ఇచ్చి తీరాలని కంపెనీని కట్టడి చేసే పని పోర్టల్‌ది కాదు. పేరు వినగానే పెరిగే ఆశకు, అది చేసే పనికి మధ్య ఆ దూరం ఉంది.

నా మటుకు నాకు, గొడవ మొత్తం పార్టు రకాన్ని బట్టి తేలిపోయేదే అనిపిస్తుంది. నంబరున్న వస్తువుకు పేరున్న బేరింగ్ కంపెనీ సరుకు, సరైన సీలుతో, ఏ డబ్బాలో వస్తే ఏం. పంపు లోపలి సామానుకు మాత్రం ‘లోకల్’ అనే మాటకు అర్థం లేదు.

## సీజన్ అయ్యాక షెడ్డులో జరిగేవి

కోత అయిపోగానే మిషన్‌ను షెడ్డులో తోసి టార్పాలిన్ కప్పుతారు. పాత మిషన్ సగం చెడేది అప్పుడే. జల్లెడ కింద, ఎలివేటర్ అడుగున మిగిలిన వడ్లకు ఎలుకలు వస్తాయి, వడ్లు అయ్యాక వైర్లు కొరుకుతాయి. షాఫ్టు చివర చుట్టుకున్న గడ్డి తడి పట్టి సీలును కోస్తుంది. బిగించి వదిలేసిన బెల్టు పుల్లీ దగ్గర వంగి గట్టిపడుతుంది.

చైన్ మార్చాలా వద్దా అన్నదానికి టేపు చాలు. అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల పిచ్ (లింకు నుంచి లింకుకు దూరం), అంటే 15.875 మిల్లీమీటర్ల చైన్‌లో ఇరవై లింకులు కొత్తప్పుడు 317.5 మిల్లీమీటర్లు. రెండు శాతం సాగితే 324. అది దాటిన చైన్ పళ్లచక్రం మీద పైకెక్కి తిరుగుతుంది, పళ్లను కొక్కేల్లా అరగదీస్తుంది. అప్పుడు కొత్త చైన్ ఒక్కటే వేస్తే పాత పళ్లు దాన్నీ సాగదీస్తాయి.

## ఎప్పటిదాకా బాగుచేయించుకోవడం

ఊహ లెక్కే వేద్దాం. డీజిల్, డ్రైవర్ జీతం పోను గంటకు 900 మిగులుతుంది, మిషన్ ఏడాదికి 300 గంటలు తిరుగుతుంది. మిగులు 2,70,000. పంపుకు 1,80,000 అడిగితే అది 200 గంటల సంపాదన, రెండు సీజన్లలో తేరుకోవచ్చు. అదే పంపు కోసం సీజన్ మధ్యలో ఏడు రోజులు ఆగితే, రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఇంకో 50,400 పోయినట్టు. కొత్త మిషన్‌కు ఏడాది కంతులు ఐదు లక్షలనుకుంటే, 300 గంటలతో అవి తీరవు. 556 గంటలు తిరగాలి, అంటే ఊరు వదిలి ఎక్కడెక్కడికో పోవాలి. సబ్సిడీ పథకాలు కొత్త యంత్రం కొనేవాళ్లను చూసి రాసినవి, పాతదాని పంపుకు వర్తించవు. ఊళ్లోనే కోసుకునేవాళ్లు పాతదాన్ని వదలకపోవడం, దేశం తిరిగేవాళ్లు ఐదారేళ్లకే అమ్మేయడం, రెండూ ఇదే లెక్కకు రెండు జవాబులు. వాళ్లు అమ్మిందే మన ఊళ్లో ‘కొత్తగా తెచ్చిన’ మిషన్ అవుతుంది.

మా చిన్నాయన మిషన్ ఇంకా తిరుగుతోంది. ఆ ఫిబ్రవరి తర్వాత ఆయన పక్క కవర్ లోపల తెల్ల పెయింటుతో రాయడం మొదలుపెట్టాడు. ఫీడర్ కింద 6305-2ఆర్ఎస్. ఫ్యాన్ బెల్టు బి-75. రీలు పక్కన యూసీ 205, దాని వెనకాల పెద్దక్షరాలతో ‘అంగుళం కాదు’. ఇప్పటికి పదిహేడు నంబర్లు అయ్యాయి. అన్నిటికంటే కింద ‘గేరుబాక్సు’ అని రాసి, పక్కన చోటు ఖాళీగా ఉంచాడు.